రెండోసారి విచారణకు వచ్చిన ఐలయ్య కేసు

1984 నాటి మాట. హన్మకొండ కోర్టులో క్రిమినల్ కేసులు చేసుకుంటూ, పొద్దున పూట లా కాలేజీలో సాక్ష్య చట్టం పాఠం చెప్పేవాణ్ణి. ఏడింటికి క్లాసు, పదిన్నరకు కోర్టు. నడుమ ఇంటికి పోయి రెండు ముద్దలు తిని నల్లకోటు తగిలించుకునేంత వ్యవధి మాత్రమే ఉండేది. మా కాలేజీకి అప్పటికి సొంత భవనం లేదు. అద్దెకు తీసుకున్న పాత మేడలో కింద ఆఫీసు, పైన రెండు క్లాసు గదులు, వాటి వెనక రేకుల కప్పు వేసిన హాలు. నేను చెప్పబోయేది ఆ హాల్లోనే జరిగింది.

హత్య కేసులు చాలా చూశాను. కొన్ని గెలిచాను, కొన్ని పోయాయి. అయినా బాగా గుర్తున్న కేసు ఏదని ఎవరైనా అడిగితే, నేను వకాలత్ వేయని కేసు ఒకటి చెబుతాను. నేను చూసినప్పుడు అది నిజం కోర్టులో లేదు. మూట్ కోర్టులో ఉంది.

మూట్ కోర్టు అంటే లా విద్యార్థుల సాధన కోసం పెట్టే ఉత్తుత్తి కోర్టు. ఒక కేసు వివరాలు ముందుగా అచ్చు వేసి ఇస్తారు. దాన్ని ప్రాబ్లం అంటారు. రెండు జట్లలో ఒకటి అప్పీలు చేసిన వాళ్ల తరఫున, ఇంకొకటి ఎదుటి పక్షం తరఫున వాదిస్తుంది. బెంచి మీద నిజమైన జడ్జీలో సీనియర్ వకీళ్లో కూర్చుంటారు. ప్రాబ్లంలో లేని సంగతి ఒక్కటీ ఎత్తకూడదు. మార్కులు వాదనకే. ముద్దాయి దోషి అవునా కాదా అన్నది పోటీకి సంబంధం లేని విషయం.

ఆ ఏడు వానలు వెనక్కి పట్టాక మా ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, నరహరిరావు గారి పేరిట మూట్ కోర్టు పోటీ పెడుతున్నామని, దాని బాధ్యత నాదేనని చెప్పారు. నరహరిరావు గారు మా ప్రాంతం మనిషే. పలు జిల్లాల్లో సెషన్స్ జడ్జిగా పని చేసి, రిటైరయ్యాక హన్మకొండలో స్థిరపడి, ఓపిక ఉన్నన్నాళ్లు మా కాలేజీలో జీతం తీసుకోకుండా పాఠం చెప్పారు. ముందు సంవత్సరమే పోయారు. కోర్టులో ఆయన గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు. ఫైలు మొత్తం ముందే చదివి వచ్చేవారు కాబట్టి, చదవకుండా వచ్చిన వకీళ్లకు మాత్రం ఆ మెత్తని గొంతే భయంగా ఉండేది.

పోటీకి షీల్డు ఇస్తామన్నది ఆయన భార్య సుభద్రమ్మ గారు. ప్రిన్సిపాల్, నేను కలిసి ఆమె ఇంటికి వెళ్లాం. ఆమె రెండు షరతులు పెట్టారు. మొదటిది, వాదనలు తెలుగులో జరగాలి. అప్పటికి కింది కోర్టుల్లో తెలుగు వాడొచ్చని ప్రభుత్వ ఉత్తర్వులు వచ్చి చాలా ఏళ్లయినా, వాడేవాళ్లు తక్కువ. మూట్ కోర్టంటే మరీ ఇంగ్లీషు దర్జా. ప్రిన్సిపాల్ కాస్త నసిగి ఒప్పుకున్నారు.

రెండో షరతు ప్రాబ్లం గురించి. ఆమె లోపలికి వెళ్లి, టైపు చేసిన ఒక తీర్పు నకలు తెచ్చి నా చేతికిచ్చారు.

"ఈ కేసే పెట్టుండ్రి వకీలు గారూ. పేర్లు మార్చుకోండ్రి" అన్నారు.

మొదటి పేజీ, చివరి పేజీ చూశాను. అది నరహరిరావు గారు రాసిన తీర్పే. హత్య కేసు, యావజ్జీవ శిక్ష.

"అమ్మగారూ, దీని మీద అప్పీలు ప్రాబ్లంగా పెడితే, వచ్చిన పిల్లల్లో సగం మంది జడ్జి గారి తీర్పు తప్పని వాదిస్తారు. ఆయన జ్ఞాపకార్థం పెట్టే పోటీలో అది బాగుంటుందా?" అన్నాను.

"సగం మంది ఒప్పని గూడ వాదిస్తరు గద" అన్నారామె. "ఆయన ఎన్ని కేసులు జేసిండ్రో నాకు లెక్క తెల్వదు. ఏ కేసు సంగతి ఇంట్ల ఎత్తకపోతుండె. ఇదొక్కటే రిటైరయినంక గూడ తీసి చదువుకునేది. ఎందుకని అడిగితే చెప్పకపోతుండె. నలుగురు పిల్లలు కూసోని వాదిస్తే ఆయనకు ఇష్టమే ఉంటుండె."

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ప్రిన్సిపాల్ గొణిగారు గాని, షీల్డు ఇచ్చేది ఆమె కాబట్టి మాకు వేరే దారి లేదు.

ఆ రాత్రి తీర్పు మొత్తం చదివాను. అరవైల నడుమ మరిపెడ దగ్గరి ఒక పల్లెలో జరిగిన సంగతి. అన్నదమ్ములిద్దరు. ఇద్దరికీ ఒకే బావి. నీళ్ల వంతు మీద ఎప్పుడూ మాటా మాటా అనుకునేవాళ్లు. ఒకనాడు తమ్ముడు జ్వరంతో పడుకున్నాడు. పొద్దుగూకాక అన్న అతనికి మందు పోశాడు. కాసేపటికి వాంతులు మొదలయ్యాయి. మరునాడు పొద్దెక్కాక గాని అతన్ని వరంగల్ పెద్ద దవాఖానకు తేలేదు. మెజిస్ట్రేటు వచ్చి డయింగ్ డిక్లరేషన్ తీసుకున్నాడు. చనిపోబోయే మనిషి తన చావుకు కారణం చెబితే రాసుకునే వాంగ్మూలం అది. అతను కోర్టుకు రాలేడు కాబట్టి ఆ కాగితమే అతని సాక్ష్యం. సాయంత్రానికి తమ్ముడు చనిపోయాడు. కడుపులో పురుగుల మందు ఉందని పరీక్షలో తేలింది.

వాంగ్మూలం ఇంగ్లీషులో ఉంది. 'మా అన్న నాకు విషం ఇచ్చాడు' అన్న అర్థం వచ్చేలా రాశాడు మెజిస్ట్రేటు. అయితే పక్కన నిలబడ్డ డాక్టరు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో, అతను పలికిన మాటలు ఇవీ అని చెప్పాడు: "అన్న మందు పోసిండు."

మందు అంటే జ్వరానికి వేసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. ఏ మందు అని మెజిస్ట్రేటు అడగలేదు. డిఫెన్సు వకీలు ఈ సంగతి పట్టుకున్నాడు. నరహరిరావు గారు దాన్ని పక్కన పెట్టలేదు, రెండు పేజీలు చర్చించారు. చివరికి ఆయన మొగ్గింది ఇంకో వైపు. బావి తగాదా ఉంది. దవాఖానకు తేవడంలో ఆలస్యం ఉంది. అన్నిటికన్నా ముఖ్యంగా, ముద్దాయి ఎగ్జామినేషన్‌లో ముద్దాయి ఏమీ చెప్పలేదు. సాక్ష్యం అయిపోయాక జడ్జి ముద్దాయిని నేరుగా అడిగే ఘట్టం అది. ఇప్పుడు సెక్షన్ 313 అంటాం, ఆ రోజుల్లో సెక్షన్ 342. నీ మీద ఫలానా సంగతి వచ్చింది, దీనికి నువ్వేమంటావు అని ఒక్కొక్కటిగా అడగాలి. ఈ ముద్దాయి ప్రతి ప్రశ్నకూ ఒకటే జవాబు ఇచ్చాడు: తెలియదు.

పేర్లు, ఊరు మార్చి ప్రాబ్లం తయారు చేసి కాలేజీలకు పంపాం. మా కాలేజీ జట్టులో ముఖ్యురాలు సాజిదా. నెక్కొండ స్టేషను దగ్గర దర్జీ పని చేసే ఖాదర్ మియా కూతురు. మట్టెవాడలో మేనత్త ఇంట్లో ఉండి చదువుకునేది. క్లాసులో తక్కువ మాట్లాడేది, మాట్లాడితే ఎదుటివాళ్లు జవాబు వెతుక్కోవాల్సి వచ్చేది. మూట్ కోర్టు జట్టు రెండు పక్షాలకూ సిద్ధపడాలి. టాస్ వేసి ఎవరిది ఏ పక్షమో అప్పటికప్పుడు చెబుతారు. సాజిదా రెండూ రాసుకుంది గాని, ఆమె మనసు ముద్దాయి పక్షానే ఉందని రిహార్సల్ చూసిన వాళ్లెవరికైనా తెలుస్తుంది.

ఒక రిహార్సల్‌కు సుభద్రమ్మ గారు వచ్చి వెనక కూర్చున్నారు. అయిపోయాక సాజిదా ఆమె దగ్గరికి వెళ్లి, ఇది నిజంగా జరిగిన కేసేనా అని అడిగింది. ఆమె దాచలేదు. ముద్దాయి పేరు ఐలయ్య అని, శిక్ష అయిపోయి వచ్చి మరిపెడలో ఉంటున్నాడని ఎవరో చెప్పగా విన్నానని అన్నారు.

మరునాడు క్లాసు కాగానే సాజిదా నా దగ్గరికి వచ్చింది.

"సార్, నేను మరిపెడ పోయొస్త."

"దేనికి? ప్రాబ్లంలో లేనిది ఒక్క మాట కూడా ఎత్తడానికి లేదు. అతను ఏం చెప్పినా నీకు పనికి రాదు."

"పనికొచ్చేదానికి కాదు సార్. ఇన్ని దినాల సంది ఆయన గురించే మాట్లాడ్తాన. ఒక్కసారి చూడాలె గద."

ఆదివారం తండ్రిని వెంటబెట్టుకుని వెళ్లింది. సోమవారం వచ్చి చెప్పింది. ఐలయ్య మరిపెడ రోడ్డు మీద ఒక సైకిల్ టాక్సీలో పంక్చర్లు వేస్తున్నాడట. సైకిల్ టాక్సీ అంటే సైకిళ్లు గంటల లెక్కన కిరాయికిచ్చే దుకాణం. భార్య అతను జైల్లో ఉండగానే పోయింది. పిల్లలు లేరు. తమ్ముడి కొడుకు అదే ఊళ్లో ఉన్నాడు గాని పలకరించడు. దుకాణం ముందు నలుగురు ఉండడంతో అతను ఎక్కువ మాట్లాడలేదు. "అయిపోయిన ముచ్చట బిడ్డా" అన్నాడట.

"మా కాలేజీల ఆ కేసు మీద మల్ల వాదిస్తరు, మీ దిక్కు నేనే మాట్లాడ్త, రాండ్రి అని చెప్పిన సార్. వస్తనన్నడు."

"నీకు ఏ పక్షం వస్తుందో నీకే తెలియదు కదా?"

సాజిదా తల వంచుకుంది. "ఎందుకో నోట్లకెల్లి అట్ల వచ్చింది సార్" అంది.

పోటీకి నాలుగు కాలేజీల జట్లు వచ్చాయి. మొదటి రోజు రెండు రౌండ్లలోనూ మా జట్టుకు అప్పీలు పక్షమే పడింది. సాజిదా రెండూ గెలిచింది. రెండో రోజు ఫైనల్. ఎదుటి జట్టు హైదరాబాదు నుంచి వచ్చింది. బెంచి మీద పొరుగు జిల్లా నుంచి వచ్చిన ఒక జడ్జి గారు, అటూ ఇటూ ఇద్దరు సీనియర్ వకీళ్లు. ముందు వరుసలో సుభద్రమ్మ గారు. చివరి బెంచీలో, తెల్ల ధోవతి కట్టుకుని, భుజం మీద తువ్వాల వేసుకుని ఒక సన్నని మనిషి కూర్చున్నాడు. ఖాదర్ మియా అతని పక్కన ఉన్నాడు కాబట్టి ఐలయ్య అతనేనని పోల్చుకున్నాను.

టాస్ వేశారు. మా జట్టుకు రెస్పాండెంట్ పక్షం, అంటే ప్రభుత్వం తరఫు వచ్చింది. శిక్ష సరైనదేనని వాదించాలి.

వాదనలకు ముందు కొంచెం విరామం ఉంది. సాజిదా నన్ను వరండాలోకి పిలిచింది.

"సార్, వాళ్లతోని మాట్లాడి పక్షం మార్చుకోవచ్చా?"

"నిబంధనలు ఒప్పుకోవు."

"ఆయన అంత దూరం నుంచి వచ్చిండు. నా మాట మీద వచ్చిండు. ఇప్పుడు ఆయన ముంగటనే ఆయన హత్య చేసిండని ఎట్ల చెప్పాలె?"

కావాలంటే తప్పుకోవచ్చని, జట్టులో రెండో వక్త ఉన్నాడని చెప్పాను.

"మెత్తగ వాదిస్తే?" అని అడిగింది.

"ఓడిపోవడానికి వాదించే వకీలు కంటే తప్పుకున్న వకీలు నయం" అన్నాను. "ప్రభుత్వ వకీలు పని శిక్ష వేయించడం కాదు. రికార్డులో ఉన్నది ఉన్నట్టు కోర్టు ముందు పెట్టడం. ముద్దాయికి పనికొచ్చేది ఉంటే అది కూడా పెట్టాలి. చట్టం చెప్పేది అంతే. నీ ఇష్టం."

ఆమె లోపలికి వెళ్లింది. వెళ్తూ చివరి బెంచీ దగ్గర ఆగి, వంగి ఐలయ్యతో ఏదో చెప్పింది. అతను తలూపాడు. పక్షం మారిందని చెప్పిందని తర్వాత తెలిసింది. "నీ పని నువ్వు చెయ్యి బిడ్డా" అన్నాడట.

హైదరాబాదు కుర్రాడు ముందు లేచాడు. మంచి వక్త. మందు అన్న మాట చుట్టే వాదన అల్లాడు. "తలనొప్పికి వేసుకునేది మందు, వరికి కొట్టేది మందు, పెళ్లి విందులో చాటుగా తాగేదీ మందే మిలార్డ్" అన్నప్పుడు హాలంతా నవ్వింది. ఐలయ్య నవ్వలేదు. అతను ముందుకు వంగి, ఒక చెవి కాస్త పక్కకు తిప్పి వింటున్నాడు.

తర్వాత సాజిదా లేచింది. క్లాసులో మాట్లాడే యాస వదిలి, నిదానంగా మొదలుపెట్టింది.

"మిలార్డ్, మందు అంటే విషమని మేము అనడం లేదు. చనిపోయిన మనిషి విషం అనలేదు. మెజిస్ట్రేటు ఆ మాట రాయకుండా ఉండవలసింది. ఏ మందు అని అడగవలసింది. అది లోపమే. ఒప్పుకుంటున్నాం."

ఎదుటి జట్టు కుర్రాళ్లు మొహాలు చూసుకున్నారు. వాళ్లు జవాబుకు దాచుకున్న సగం కాగితాలు అక్కడితో అక్కరకు రాకుండా పోయాయి.

"ఆ మాటను పూర్తిగా తీసేసి చూద్దాం" అని ఆమె కొనసాగించింది. "మందు పోసింది అన్నే. కడుపులో దొరికింది పురుగుల మందు. అది పొరపాటున జరిగి ఉండవచ్చు. ఇద్దరి మధ్య బావి తగాదా ఉన్నంత మాత్రాన అన్న తమ్ముణ్ణి చంపుతాడని కాదు. పొరపాటే అయితే, తమ్ముడు వాంతులు చేసుకుంటుంటే అన్న ఏం చేస్తాడు? ఎత్తుకుని పరుగెత్తుతాడు. ఈ అన్న తెల్లవారేదాకా ఆగాడు."

ఇక్కడ ఒక్కసారి ఆగి, నీళ్లు తాగింది. చివరి బెంచీ వైపు చూడలేదు.

"ఎందుకు ఆగావని కోర్టు అతన్నే అడిగింది. తెలియదు అన్నాడు. మెజిస్ట్రేటు మనసులో ఏముందో అతనికి తెలియకపోవచ్చు, డాక్టరు ఏం రాశాడో తెలియకపోవచ్చు. తను ఎందుకు ఆగాడన్నది తెలియకపోవడం ఏమిటి మిలార్డ్? అది అతని సొంత సంగతి. చెప్పుకోగలిగిన మనిషి ఒకే ఒక్కడు, చెప్పుకునే చోటు అదొక్కటే. అతను చెప్పుకోలేదు. ఆ మౌనాన్ని కింది కోర్టు ఒక విధంగా అర్థం చేసుకుంది. దాన్ని ఇంకో విధంగా అర్థం చేసుకోవడానికి రికార్డు మనకు దారి చూపడం లేదు."

బెంచి ఆమెను చాలా ప్రశ్నలు అడిగింది. ముద్దాయి మౌనమే నేరానికి రుజువా అన్నారు. కాదు, మిగతా గొలుసులో అదొక లంకె మాత్రమే అంది. తడబడలేదు. నేను పదిహేనేళ్ల ప్రాక్టీసులో ప్రాసిక్యూటర్లను చాలామందిని విన్నాను. అంత నెమ్మదిగా, అంత గట్టిగా ముద్దాయి మెడకు తాడు బిగించిన వాదన మాత్రం ఎక్కువ వినలేదు.

షీల్డు మా కాలేజీకే వచ్చింది. ఉత్తమ వక్త సాజిదానే. సాధారణంగా మూట్ కోర్టులో కేసు ఎటు తేలిందో చెప్పరు. ఆ రోజు మాత్రం అధ్యక్షత వహించిన జడ్జి గారు ముచ్చటపడి, "మా ముందున్న రికార్డు ప్రకారం ఈ అప్పీలు కొట్టేయాల్సిందే. రెస్పాండెంట్ వాదన విన్నాక నాకు సందేహం లేదు" అన్నారు. చప్పట్లు మోగాయి. సుభద్రమ్మ గారి చేతి మీదుగా షీల్డు అందుకునేటప్పుడు సాజిదా ముఖంలో ఏ భావమూ లేదు.

సభ అయ్యాక జనం వరండాలో చాయ్ తాగుతున్నారు. హాల్లో ఐలయ్య, ఖాదర్ మియా, సుభద్రమ్మ గారు, సాజిదా, నేను మిగిలాం. సాజిదా అతని ముందుకు వెళ్లి నిలబడింది. అతనే ముందు మాట్లాడాడు.

"మంచిగ చెప్పినవ్ బిడ్డా. కడుపుల ఏం బెట్టుకోకు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "సార్, వాగు సంగతి ఎవ్వలు అనలేదేంది?"

"ఏ వాగు?" అన్నాను.

"ఆకేరు. ఆ దినం పొద్దుగూకంగ వాన గొట్టింది. బస్సు బందైంది. బండి గట్టుకోని, తమ్మున్ని పండవెట్టుకోని ఒడ్డుకు పోయిన. నీళ్లు మనిషి లోతు పోతానయ్. ఎడ్లు దిగలే. అవుతలి ఒడ్డుకు కేకలేసిన. తెల్లారినంక తగ్గింది. అప్పుడు దాటిన. ఈ బిడ్డ తెల్లారేదాంక ఎందుకాగిండు, ఎందుకాగిండు అంటాంటే, నాకు లేసి చెప్పాలనిపిచ్చింది. చెప్పొచ్చో చెప్పొద్దో అని ఊకున్న."

సుభద్రమ్మ గారు అడిగారు. "ఈ మాట అప్పుడు కోర్టుల ఎందుకు చెప్పలేదు అయ్యా?"

ఆమె ఎవరో అతనికి తెలుసు. ఖాదర్ మియా అప్పటికే చెప్పాడట. అతను చేతులు కట్టుకుని జవాబిచ్చాడు.

"అడుగుతె చెప్పనా అమ్మా? జడ్జి సాబు ఇంగ్లీష్ల చదివేది. పక్కపొంటి ఉన్న సారు నా దిక్కు మల్లి, దీనికి ఏమంటవు అనేది. దేనికి? నాకేం సమజ్ కాలే. తెల్వదన్న. మల్ల చదివిన్రు, మల్ల దీనికేమంటవు అన్నరు. మల్ల తెల్వదన్న. మీరడిగేదేందో తెల్వదని చెప్పిన నేను. నా వకీలు గూడ వాగు సంగతి ఎన్నడు అడగలే. ఇయ్యాల్ల తెలుగుల ఇన్నంక సమజైంది, నా మీద ఏమేం మాటలున్నయో."

సుభద్రమ్మ గారు పక్కనున్న కుర్చీలో కూర్చున్నారు. "ఆ మనిషి నోరెందుకు విప్పలేదో అని ఒక్కసారి అన్నరు ఆయన" అన్నారు. "ఎవరి గురించో అప్పుడు నాకు తెల్వలే. బతికుంటే తనే మీ దగ్గరికి వచ్చేటోరు."

"ఆయనదేమున్నదమ్మా. నేను చెప్పంది ఆయనకెట్ల ఎర్కైతది" అన్నాడు ఐలయ్య. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమీ లేదు.

సాజిదా అప్పటికి నోరు తెరిచింది. "మరిపెడకు వచ్చినప్పుడు నేను గూడ అడగలే. మందు, మందు అన్న మాటనే పట్టుకున్న." తర్వాత అతని వైపు తిరిగి, "పెద్దయ్యా, మరి మందు?" అంది.

అతను తువ్వాల అంచు సరిచేసుకున్నాడు.

"పోసింది నేనే. జరం మందు డాక్టర్ తాన సీసల తెచ్చిన. గూట్లె ఆ సీస, చేన్ల మందు సీస రెండు ఉండె. చీకటైంది. ఏ సీస అందుకున్ననో, ఇయ్యాల్టి దాంక నాకు ఎర్కలేదు. జైల్ల గూడ గదే సోంచాయించిన. అది మాత్రం నిజంగ తెల్వదు బిడ్డా."

బస్సు వేళవుతోందని లేచాడు. సుభద్రమ్మ గారు ఇంటికి రమ్మన్నారు. ఇంకోసారి వస్తానన్నాడు. రాలేదు. వెళ్లే ముందు ఒక్కటే అడిగాడు. తమ్ముడి కొడుక్కి ఈ వాగు సంగతి ఎవరైనా చదువుకున్నవాళ్లు చెబితే బాగుండునన్నాడు. తను చెబితే వాడు వినడని.

ఆ వారంలోనే సాజిదా, నేను మరిపెడ వెళ్లాం. తమ్ముడి కొడుకు గుమ్మంలో నిలబడే విన్నాడు. "వాగు వచ్చిందని మా అవ్వ గూడ అంటుండె. మందు సంగతి ఏందో చెప్పుండ్రి" అన్నాడు. ఐలయ్య చెప్పింది ఉన్నదున్నట్టు చెప్పాం. అతను నమ్మాడో లేదో నాకు తెలియదు. మంచినీళ్లిచ్చాడు. కొన్ని నెలల తర్వాత, ఐలయ్యకు జ్వరమొస్తే ఆ పిల్లగాడే దవాఖానకు తోలుకపోయాడని ఖాదర్ మియా ఎవరి నోటో విని చెప్పాడు. అంతకు మించి ఆ ఇంటి సంగతులు నాకు తెలియవు.

చట్టపరంగా చేయగలిగింది ఏమైనా ఉందా అని నేను పుస్తకాలు తిరగేశాను. శిక్ష అయిపోయింది, అప్పీలు ఎప్పుడో పోయింది. ఐలయ్య కూడా, "ఇప్పుడు దేనికి సార్" అన్నాడు. సాజిదా రెండేళ్లు నా దగ్గర జూనియర్‌గా చేసి, తర్వాత ప్రభుత్వ ప్రాసిక్యూటర్ ఉద్యోగానికి వెళ్లింది. నేను డిఫెన్సు, ఆమె ప్రాసిక్యూషన్. ఒకటి రెండు కేసుల్లో ఎదురెదురుగా నిలబడ్డాం కూడా.

ముద్దాయి ఎగ్జామినేషన్‌ను అంతకుముందు మేమంతా తతంగంలా చూసేవాళ్లం. సాక్ష్యం ముగిసింది, ఇక వాదనలే అన్న తొందరలో అది ఐదు నిమిషాల పని. ప్రశ్నలు టైపు చేసి ఉంటాయి, జవాబుల దగ్గర తెలియదు, అబద్ధం అన్న రెండు మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి. నిజానికి కేసు మొత్తంలో ముద్దాయి తన నోటితో మాట్లాడే చోటు చాలాసార్లు అదొక్కటే. అతనికి ప్రశ్న అర్థం కాకపోతే, అతని జవాబు ఎంత నిజమైనా పనికిరాదు. ఇది నేను పుస్తకాల్లో చదవని సంగతేమీ కాదు. చదివాను, పరీక్షలో రాశాను, పిల్లలకు పాఠం చెప్పాను. అయినా ఐలయ్య చెబితేనే తెలిసింది.

ఆ మరుసటి ఏడు పాలంపేట దగ్గరి ఒకామె కేసు నా దగ్గర ఉండేది. ఎగ్జామినేషన్ రోజున ప్రశ్నలన్నీ కలిపి చదివేసి, "వీటికి ఏమంటావు" అని అడిగారు. నేను లేచి, ఒక్కొక్కటిగా, ఆమె మాట్లాడే తెలుగులో అడగమని విన్నవించుకున్నాను. చాలా కేసులున్నాయని జడ్జి గారు విసుక్కున్నారు. నేను నిలబడే ఉన్నాను. చివరికి కలం పక్కన పెట్టి, ఆయనే ఆమె వైపు తిరిగి, "ఆ పొద్దు నువ్వు చేనుకు ఎందుకు పోయినవమ్మా?" అని అడిగారు.

ఆమె చెప్పడం మొదలుపెట్టింది. చాలాసేపు చెప్పింది. జడ్జి గారు మొదట విన్నారు, తర్వాత కలం అందుకుని రాసుకున్నారు.